ఐదు తరగతుల గదిలో రెండో గొంతు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. కాదనను. పన్నెండేళ్ళు తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పాను. అక్కడ ఆ కోపం బాగానే పనికొచ్చింది. తర్వాత ఆ ఉద్యోగం మానేసి నలుగురే మనుషులున్న ఒక చిన్న సంస్థలో చేరాను. అక్కడ నా పని టీచర్లకు పాఠం చెప్పడం. సరైన వసతుల్లేని సర్కారు బడుల్లో పనిచేసేవాళ్ళు తమ చేతిలో ఉన్న ఫోనుతో, అరచేతిలో పట్టే స్పీకరుతో, ఒక మెమరీ కార్డుతో ఏమేం చెయ్యొచ్చో నేర్పాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల బడులు నా వంతుకొచ్చాయి. ఖరీదైన తెరలూ ప్రొజెక్టర్లూ మా దగ్గర లేవు. ఉన్నా, నేను వెళ్ళే బడుల్లో చాలావాటికి అవి తగిలించడానికి పెచ్చులూడని గోడ దొరకదు.

నేర్పడం నాకు వచ్చనే ధీమాతో మొదలుపెట్టాను. రాదని తెలియడానికి ఒక వర్షాకాలం పట్టింది.

బాపట్లలో ఒక హైస్కూలు హాల్లో రెండు రోజుల శిక్షణ పెట్టాం. ముప్ఫై మంది దాకా వచ్చారు. నేనింకా బ్యాగు తెరవకముందే ఒకాయన, "ఇంకో యాపా మేడం?" అని అడిగారు. అందరూ నవ్వారు గానీ ఆ నవ్వులో సరదా లేదు. వాళ్ళకు ఫోనంటే పాఠం కాదు, ఫోటో. పొద్దున్నే హాజరు ఫోటో. మధ్యాహ్నం పిల్లలు అన్నం తింటున్న ఫోటో. మరుగుదొడ్లు కడిగించాక వాటి ఫోటో. సిగ్నల్ లేని ఊళ్ళో మేడ మెట్లెక్కి, చెయ్యి పైకెత్తి నిలబడి అవన్నీ పంపాలి. యాప్ కాదండీ, ఫోటోలూ అక్కర్లేదండీ అని నేను రెండుసార్లు చెప్పాక గాని ఎవరూ కుర్చీల్లో కుదురుగా కూర్చోలేదు.

ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చున్నారు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. గంజి పెట్టిన నేతచీర, ఒళ్ళో నోటు పుస్తకం. నేను చెప్పేదంతా ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి రాసుకుంటున్నారు. గొంతు రికార్డు చేసే పని మొదలయ్యేసరికి మాత్రం ఆవిడ వేలు ఫోనుకు అంగుళం ఎత్తులో ఆగిపోయింది. అక్కడక్కడే తిరుగుతుంది గానీ కిందికి దిగదు. నేను వెళ్ళి, "ఇలా ఇవ్వండి, చూపిస్తాను" అని ఫోను తీసుకుని, టకటకా నొక్కి, మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టాను. రెండోసారీ అంతే. మూడోసారికి నా గొంతులో విసుగు నాకే వినబడింది. "ఇప్పుడే కదండీ చూపించాను. ఇలా ఇవ్వండి" అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ ఫోను నాకిచ్చారు. నేను తిరిగి ఇవ్వబోతే అందుకోలేదు.

"మీరే చేసుకోండమ్మా. నాకు రాదులెండి" అని నోటు పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు.

టీ విరామంలో ఒక చిన్న వయసు టీచరమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. 

"ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి మేడం. ఆవిడ నాకు రెండో క్లాసు చెప్పారండి. ఆవిడ లేకపోతే నేను ఇవాళ ఇక్కడుండేదాన్ని కాదు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. కానీ ముందే రిటైరైపోతానని కాగితం రాసుకున్నారు. మూడు నెలల నోటీసు. అది సంచిలోనే ఉంది. సాయంత్రం ఆఫీసులో ఇచ్చి ఊరెళ్తారంట."

"ఎందుకు?" అన్నాను.

"ఈ ఫోన్ల గోలేనండి. ఒకసారి భోజనాల ఫోటో పెట్టాల్సిన చోట మరుగుదొడ్లదీ, మరుగుదొడ్ల చోట పిల్లలు అన్నం తింటున్నదీ పెట్టేశారు. తెలియక టీచర్ల గ్రూపులో కూడా అదే పెట్టారు. ఇంకేముందండి, నాలుగు రోజులు నవ్వు బొమ్మలే. అప్పట్నించీ ఫోను పట్టుకోవాలంటేనే భయమండి ఆవిడకి."

"మరి ఆవిడ వెళ్ళిపోతే ఆ బడి?"

"ఐదు క్లాసులకీ ఆవిడొక్కరే మేడం. ఇంకొకరొస్తారో రారో ఎవరికి తెలుసు. పిల్లలు మెయిన్ రోడ్డు దాటి పక్కూరు బడికెళ్ళాలి. చిన్నోళ్ళని ఎవరు పంపుతారండి అంత దూరం?"

తల తీసేసినట్టయింది. టీ కప్పు కింద పెట్టి హాల్లోకి పరుగెత్తాను. ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. మర్నాడు ఆవిడ రాలేదు. కాగితం ఇచ్చేశారని ఆ అమ్మాయే నాకు చెప్పింది.

ఆ కాగితం ముందే రాసి ఉండొచ్చు. సంచిలో ఉన్నదాన్ని ఆఫీసు బల్ల మీదికి చేర్చింది మాత్రం నేనే అని నాకు గట్టిగా అనిపించింది. ఆ వారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గడువు లోపల అలాంటి నోటీసు వెనక్కి తీసుకోవచ్చా అని మా వీధిలో ఉండే ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారిని అడిగాను. మూడు నెలలూ నిండకముందే స్వయంగా వెళ్ళి అడిగితే కుదురుతుందన్నారు. అంతే, పట్టు పట్టాను. ఆవిడ చేత ఆ కాగితం వెనక్కి తీసుకునేలా చెయ్యాలి. ఎలాగో మాత్రం తెలియదు.

శనివారం పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాను. దారి పొడుగునా నాట్లు పడుతున్నాయి. రేపల్లెలో దిగి చెరుకుపల్లి వైపు వెళ్ళే ఆటో పట్టుకున్నాను. రోడ్డు మీద దిగి ఒక మైలు లోపలికి నడిస్తే ఆవిడ బడి. ఒక పెద్ద గది, వరండా, వంటకు రేకుల పాక, బోరింగు.

నన్ను చూసి ఆవిడ మొహం తిప్పుకోలేదు. "ఏంటమ్మా ఇంత దూరం వచ్చారు? మంచినీళ్ళు తాగుతారా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

"మొన్న మీ చేతిలోంచి ఫోను లాక్కున్నాను టీచర్ గారూ. అందరి ముందూ. తప్పు చేశాను" అని గుమ్మంలోనే అనేశాను.

"ముందు నీళ్ళు తాగండి" అన్నారు.

ఆ పూటంతా వెనక బల్ల మీద కూర్చుని ఆవిడ పాఠం విన్నాను. రెండో తరగతి పిల్లల మధ్య నేల మీద కూర్చున్నారు. నాట్లలో మిగిలిన నారు ఎవరో తెచ్చిపెట్టారు. పదేసి మొక్కలు కలిపి గడ్డిపోచతో కట్టలు కట్టించారు. మిగిలినవి విడిగా పెట్టించారు.

"మూడు కట్టలు, నాలుగు విడివి. ఎన్ని?"

"ముప్ఫై నాలుగు టీచర్!"

"నాకు ఆరు కావాలి. విడివి చూస్తే నాలుగే ఉన్నాయి. ఏం చేద్దాం?"

ఒక పిల్ల ఆలోచించనైనా లేదు. చటుక్కున ఒక కట్ట విప్పేసింది. వాళ్ళమ్మ రోజూ చేలో చేసే పనే కదా. తీసివేతల్లో ఎక్కడెక్కడి పిల్లలూ బోల్తా పడే చోటు అది. దాన్ని ఇంత తేలిగ్గా దాటించినవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే నాకు అసూయ కలిగింది.

గదికి రెండో వైపు మాత్రం నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు బోర్డు మీది పేరా పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. ఒకమ్మాయి పుస్తకం తిరగేసి చూశాను. అదే పేరా మూడోసారి రాస్తోంది.

భోజనాల వేళ ఆవిడ వరండాలో నా పక్కన కూర్చున్నారు.

"చూశారుగా" అన్నారు. "చిన్నోళ్ళ దగ్గర కూర్చుంటే పెద్దోళ్ళు ఖాళీ. పెద్దోళ్ళ దగ్గరికెళ్తే చిన్నోళ్ళు జుట్లు పట్టుకుంటారు. ఐదో క్లాసు వాళ్ళకి సగం పాఠాలు చెప్పకుండానే హైస్కూలుకి పంపించేస్తున్నానమ్మా. రోజూ తెలుస్తానే ఉంటది. ఫోటోల గోల పైకి చెప్పేదాన్ని. లోపలున్న బాధ ఇదీ. నేనేమన్నా ఇద్దరు మనుషులనా?"

అప్పటిదాకా నేను ఆవిడకు ఫోను నేర్పడానికే వచ్చాననుకున్నాను. ఆవిడకు కావలసింది ఏమిటో బాపట్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇద్దరవ్వొచ్చండి" అని బ్యాగులోంచి చిన్న స్పీకరు తీసి ఆవిడ ముందు పెట్టాను. "మీరు చిన్నవాళ్ళ దగ్గర కూర్చోండి. మీ గొంతు పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ముందురోజు సాయంత్రం ఫోన్లో పాఠం చెప్పి పెట్టుకోండి. పొద్దున ఈ స్పీకర్లో పెట్టండి. సిగ్నల్ అక్కర్లేదు, ఎవరికీ ఏమీ పంపనక్కర్లేదు."

ఆవిడ నవ్వారు. "నాకు రాదమ్మా అది. చూశారుగా మీరే."

"ఈసారి నేను మీ ఫోను ముట్టుకోను. ఒట్టు."

స్పీకరును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే. ఉన్న ఈ మూడు నెలలన్నా ఐదో క్లాసు పిల్లలకి పనికొస్తదంటే చూద్దాం" అన్నారు. కాగితం వెనక్కి తీసుకోవచ్చన్న సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే, దాని కోసమే వచ్చిందనుకుని నన్ను దగ్గరికి రానివ్వరేమోనని భయం.

తర్వాతి శనివారం నుంచి అసలు పరీక్ష మొదలైంది. పరీక్ష నాకే. ఆవిడ ఫోను పట్టుకుని కూర్చుంటారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడతాను. ఆవిడ వేలు వెళ్ళి రికార్డు చేసే ఎర్ర గుండ్రానికి బదులు ఇంకెక్కడో పడుతుంది. ఎవరిదో పెళ్ళి ఫోటో వస్తుంది. "అయ్యో, ఇదేంటి" అంటారు. నా చేతులు వెనక ఒకదాన్నొకటి నలుపుకుంటాయి. "వెనక్కి రండి" అని మాత్రం అంటాను. వెనక్కి ఎలా రావాలో ఆవిడ వెతుక్కుంటారు. ఎనిమిది నిమిషాలు. నేనైతే రెండు క్షణాల్లో చేసే పని. ఒకసారి ఇక తట్టుకోలేక బయటికెళ్ళి బోరింగు చుట్టూ నాలుగుసార్లు తిరిగొచ్చాను. వంట చేసే ఆవిడ చూసి, "ఏంటండీ, ఏమన్నా పోయిందా?" అని అడిగింది. ఓపిక పోయిందమ్మా అన్నాను.

మొదటి రికార్డింగులో ఆవిడ గొంతు ఆవిడది కాదు. చిన్నప్పటి నుంచి లూథరన్ చర్చిలో వాక్యం చదవడం ఆవిడకు అలవాటు. ఫోను ముందు పెట్టగానే అదే గంభీరమైన గొంతు వచ్చింది. "దశాంశములు అనగా" అని మొదలుపెట్టారు. మధ్యలో ఒక కోడి కూసింది. తర్వాత వంటావిడ ఉప్పు ఎక్కడుందని అరిచింది. అయినా ఆపకుండా చివరిదాకా చెప్పి, తానే వెతుక్కుని, తానే వినిపించారు. విని నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఇదేంటి, మా అమ్మ మాట్లాడినట్టుంది" అన్నారు.

వాళ్ళమ్మ కూడా టీచరేనట. ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో అన్నట్టు మళ్ళీ ఒకసారి పెట్టుకున్నారు. ఆ రోజు ఇంకేమీ నేర్చుకోలేదు. నేనూ తొందర పెట్టలేదు.

మూడో శనివారం చక్కని పాఠం ఒకటి కుదిరింది. కోడి లేదు, ఉప్పు లేదు. ఆవిడ మామూలుగా పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడారు. చివర్లో ఏదో నొక్కబోయి చెరిపేసుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మాత్రం మొండిగా ముక్కు ఎగబీల్చి, "మళ్ళీ చెప్తాలెండి. నోట్లోనే ఉందిగా పాఠం" అన్నారు. రెండోసారి చెప్పింది మొదటిదానికంటే బాగా వచ్చింది.

మా సంస్థ పెద్దాయన ఒకరోజు తెనాలి ఆఫీసులో నన్ను పిలిచారు. ఆయన మంచివారే, కానీ లెక్క కావాలి ఆయనకు.

"ఒక్క టీచరు కోసం ఇన్ని శనివారాలా? రిపోర్టులో ఏమని రాస్తామండి?"

"ఒకరు అని రాయండి" అన్నాను. తర్వాత అలా అన్నందుకు నాలుక కరచుకున్నాను గానీ, మాట మార్చుకోలేదు.

నిజానికి నేను అప్పటిదాకా నేర్పినవాళ్ళ సంగతి తల్చుకుంటే సిగ్గేసింది. శిక్షణ అయిపోగానే అందరూ సంతకాలు పెట్టేవారు, చాలా బాగుంది మేడం అనేవారు, వరసగా నిలబడి ఫోటో దిగేవాళ్ళం. ఆ వారం సంగం జాగర్లమూడి దగ్గర ఒక బడికి చెప్పకుండా వెళ్ళాను. నేనిచ్చిన స్పీకరు బీరువాలో ఉంది. కవరు కూడా విప్పలేదు. పసుపు బొట్టు మాత్రం పెట్టారు. "పాడవుతుందని జాగ్రత్త చేశాం మేడం" అన్నారు హెడ్మాస్టరు గారు ఎంతో గౌరవంగా. ఆయన మీద కోప్పడలేకపోయాను. వాళ్ళ చేతులతో ఒక్కసారి కూడా నొక్కనివ్వకుండా అన్నీ నేనే చేసి చూపించి, చేతుల్లో పెట్టేసి వచ్చాను. వాడకపోతే వాళ్ళ తప్పెలా అవుతుంది? ఆ రోజు నుంచి తెనాలిలోనైనా బాపట్లలోనైనా నా చేతులు వెనకే. సగం మంది నన్ను పొగరుబోతు అనుకున్నారు. అనుకోనీ.

సెప్టెంబరు నెలలో ఒక శనివారం పిల్లల ముందు మొదటిసారి పెట్టాం. ఐదో తరగతి పిల్లలు స్పీకరు చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. ఆవిడ గదికి ఈ చివర ఒకటో తరగతి వాళ్ళతో కూర్చున్నారు. స్పీకర్లోంచి ఆవిడ గొంతు, "పుస్తకాలు తీశారా? తేదీ వేశారా?" అంది. "వేశాం టీచర్!" అని పిల్లలు స్పీకరుకు జవాబు చెప్పారు. లెక్క చెప్పింది. చేయమంది. వాళ్ళు సగం చేసేలోపే రెండో లెక్కకు వెళ్ళిపోయింది.

"టీచర్, ఆగండి! ఆగండి టీచర్!" అని స్పీకరు మీద అరవడం మొదలుపెట్టారు.

"నన్ను కాదు, దాన్ని ఆపండి" అన్నారు ఆవిడ ఈ చివర నుంచి, ఒకటో తరగతి పిల్ల చేత 'అ' దిద్దిస్తూ, తలెత్తకుండా.

గదిలో అందరం నవ్వాం. కానీ ఆవిడ ఆ సంగతి మర్చిపోలేదు. పిల్లలు లెక్క చేసుకోవడానికి మధ్యలో ఎంతసేపు ఊరుకోవాలో ఎలా తెలుస్తుందని నన్నడిగారు. గడియారం చూడమన్నాను. గడియారం చూస్తే పాఠం పోతుందన్నారు. వచ్చే వారానికి దారి ఆవిడే కనిపెట్టారు. లెక్క చెప్పాక, చర్చిలో పాడే పాట ఒకటి మనసులో ఒక చరణం పాడుకుంటారట. కష్టమైన లెక్కకు రెండు చరణాలు. అంతసేపు ఫోను ముందు నిశ్శబ్దం. ఆ రికార్డింగులు నేను చాలా బడుల్లో వినిపించాను. ఇంత సరిగ్గా మధ్యలో చోటు ఎలా వదిలారండీ అని టీచర్లు అడిగేవారు.

అక్టోబరు వచ్చింది. గడువు ఇంకా రెండు వారాలే ఉంది. ఆవిడ ఒక్క మాట ఎత్తరు. పాఠాలు మాత్రం రోజుకొకటి చేస్తున్నారు, ఇప్పుడు నాలుగో క్లాసు వాళ్ళకు కూడా. నాకు నిద్ర పట్టడం లేదు. చివరికి ఉండబట్టలేక, సెలవు రోజు రావడం ఎందుకని ఆవిడ వద్దన్నా వినకుండా వాళ్ళింటికి వెళ్ళి, అడిగేశాను.

"టీచర్ గారూ, ఆ కాగితం ఇంకా వెనక్కి తీసుకోవచ్చండి. కనుక్కున్నాను."

ఆవిడ మొహం బిగుసుకుంది. "అయితే దీని కోసమా ఇన్నాళ్ళూ తిరిగింది?"

అబద్ధం చెప్పడం చేతకాక అంతా చెప్పేశాను. నేను ఫోను లాక్కున్న రోజునే ఆవిడ కాగితం ఇచ్చారని, అది నా మనసులో ముల్లులా గుచ్చుకుంటోందని, దాన్ని సరిచేసుకోవాలని వచ్చానని.

ఆవిడ లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు.

"మీ వల్ల కాదమ్మా నేను కాగితం ఇచ్చింది. మీరెవరని? ఒక్క పూట చూశాను మిమ్మల్ని. ముప్ఫై మూడేళ్ళ నౌకరీ మీ మీద కోపంతో వదిలేస్తానా?" అన్నారు. "చెప్పలేని పిల్లల్ని కళ్ళెదురుగా పెట్టుకుని కూర్చోలేక ఇచ్చాను. ఉండాలన్నా పోవాలన్నా అది చూసుకునే పోతాను. మీ మనసు కోసం ఉండమంటే నేనుండను."

ఆ మాటకు నా పొగరు నేల మీద పడింది. తిరుగు పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని తెనాలి వచ్చేదాకా ఏడ్చాను. అవమానంతో కాదు. ఇన్ని శనివారాలు ఆవిడ కథలో నన్ను నేనే పెద్ద మనిషిని చేసుకున్నానని తెలిసింది. అయినా మానలేదు. పాఠం పని సగంలో ఉంది. ఆవిడ ఉన్నా లేకపోయినా ఆ పాఠాలు ఆ పిల్లల దగ్గర ఉంటాయి కదా అనుకున్నాను. అప్పటికి నాకు మిగిలిన ధైర్యం అంతే.

మరుసటి శనివారం వెళ్ళేసరికి వాన. ముందురోజు నుంచీ ఆ ఊళ్ళో కరెంటు లేదని ఆటో అతను చెప్పాడు. స్పీకరు ఛార్జింగు ఉండదు, ఇవాళ ఇంతే అనుకుంటూ బురదలో నడిచాను. బడి వరండా ఎక్కుతుండగానే లోపల ఆవిడ గొంతు ఖంగుమంటోంది. స్పీకర్లో ఎప్పుడూ అంత గట్టిగా వినబడలేదు. గుమ్మంలోంచి తొంగి చూశాను. ఐదో తరగతి పిల్లల మధ్య అన్నం వండే పెద్ద స్టీలు గిన్నె ఉంది. ఫోను దానిలో నిలబెట్టి ఉంది. గొంతు గిన్నెలోంచి వస్తోంది. గదికి రెండో వైపు ఆవిడ చిన్నపిల్లలతో కట్టలు విప్పిస్తున్నారు. నన్ను చూడలేదు.

వెనక నుంచి వంటావిడ వచ్చింది. "గిన్నె ఇవ్వమంటే పాఠం అవ్వనీ అంటన్నారండి. అన్నం ఎప్పుడు వండాలి నేను?" అని నాతో మొర పెట్టుకుంది. ఆ గిన్నె ఉపాయం నేను నేర్పలేదు. నాకే తెలియదు. నేను వెళ్ళిపోయాక ఈ గదిలో ఏం జరుగుతుందో అని ఇన్నాళ్ళూ భయపడ్డాను. నేను లేకుండానే జరుగుతోంది.

పాఠం అయ్యాక ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

"వచ్చే శనివారం నుంచి రావద్దమ్మా" అన్నారు.

"నా మీద కోపమా అండి?"

"కోపం ఎందుకు? మీరు పక్కన నిలబడితే పిల్లల్ని చూడకుండా మిమ్మల్ని చూస్తున్నా. సరిగ్గా చేస్తున్నానా లేదా అని. ఇంక ఆ అవసరం లేదులెండి."

అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. కాగితం సంగతి నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదని క్రితం వారమే తెలిసింది. ఆదివారమంతా ఆ గడువు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం తెనాలిలో పాతికమంది టీచర్లతో శిక్షణలో ఉన్నాను. ఫోను మోగింది. ఆవిడే. ఎప్పుడూ ఆవిడంతట ఆవిడ నాకు ఫోను చెయ్యలేదు. పక్కకు వెళ్ళి ఎత్తాను. వెనక బస్సుల హారన్లు వినబడుతున్నాయి.

"బాపట్ల బస్టాండులో ఉన్నానమ్మా. ఇవాళ సెలవు పెట్టి వచ్చాను. కాగితం వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. తీసుకున్నారు. సంతకం కూడా పెట్టి ఒక కాపీ ఇచ్చారు."

ఆవిడ మాట సరిగ్గా వినబడాలని రెండో చెవి మూసుకున్నాను.

"ఎందుకు మనసు మార్చుకున్నారండీ అని అక్కడ క్లర్కు అడిగాడు. ఏం చెప్పాలి అతనికి? నాలుగో క్లాసు లెక్కలు ఇంకా సగమే అయినయ్యి బాబూ అన్నాను" అని, బస్సొచ్చిందని ఫోను పెట్టేశారు.